కారు ఏసీలో చప్పుడా? గ్యాస్ నింపించే ముందు ఇది చదవండి

అపోహ: ఏసీ శబ్దం చేస్తోందంటే గ్యాస్ అయిపోయినట్టే.

గ్యాస్ తగ్గితే ముందు తెలిసేది చల్లదనం తగ్గడం. శబ్దం ఎక్కడిదో తెలియాలంటే ఇంజన్ ఆపి, తాళం ఆన్‌లో ఉంచి, బ్లోవర్ (కారు లోపలికి గాలి కొట్టే ఫ్యాన్) ఒక్కటే తిప్పండి. పెట్రోలు, డీజిల్ కార్లలో అప్పుడు గ్యాస్‌ను నొక్కి పంపే కంప్రెసర్ తిరగదు. (కరెంటు కారైతే ఏసీ బటన్ ఆఫ్‌లో ఉందో లేదో చూసుకోండి.) అయినా చప్పుడు వస్తూ, స్పీడు 1 నుంచి 4కి పెంచే కొద్దీ అదీ పెరుగుతోందా? తేడా బ్లోవర్‌లోనే. అలా కాక ఇంజన్ స్టార్ట్ చేసి యాక్సిలరేటర్ తొక్కితే పెరిగే శబ్దమైతే బెల్టు, పుల్లీ, కంప్రెసర్ చూడాలి. ఈ పరీక్షకు 2 నిమిషాలు చాలు. ఇది కూడా చేయకుండా గ్యాస్ గొట్టం తగిలించే షెడ్డు నుంచి బండి వెనక్కి తెచ్చేసుకోండి.

అపోహ: బ్లోవర్ మోగితే మోటార్ మార్చాల్సిందే.

వేపచెట్టు నీడన నిలిపే బండ్లకు ఈ మాట అస్సలు నమ్మను. వైపర్ల కింది జాలీలోంచి ఆకులు దిగుతాయి. ఫిల్టర్ ఆపుతుందిగా అంటారా, కొన్ని మోడళ్లలో అది బ్లోవర్ తర్వాత ఉంటుంది. ఇక ఎలుకలు తెచ్చిపెట్టే పీచు, స్పాంజి ముక్కల సంగతి చెప్పక్కర్లేదు. పరపరమంటే ఏదో రెక్కలకు తగులుతోంది. డాష్‌బోర్డు అదిరితే రెక్కల మీద ఒకవైపు మట్టి పేరుకుని ఉండొచ్చు. ఈ రెండూ శుభ్రం చేస్తే పోతాయి. కీచుమంటే మోటార్ ఇరుసు తిరిగే బుష్ ఎండింది. నూనె స్ప్రే కొడితే కొన్నాళ్లు ఊరుకుంటుంది, ఆ జిడ్డుకే దుమ్ము పట్టి మళ్లీ మొదలవుతుంది. మన కార్లలో ఎక్కువగా ఎడమవైపు, గ్లవ్ బాక్స్ వెనకే బ్లోవర్ ఉంటుంది. దించి ఫ్యాన్‌ను చేత్తో ఊపండి. లొడలొడలాడితే, అప్పుడు మార్చండి.

అపోహ: లోపల టకటకమంటే ఫ్యాన్ విరిగింది.

బ్లోవర్ ఆపి, టెంపరేచర్ నాబ్ తిప్పి చూడండి. అప్పుడూ టకటకలాడితే గాలిదారి మూతను కదిపే చిన్న మోటార్‌లో ప్లాస్టిక్ పళ్లు అరిగాయి. ఫ్యాన్‌కు ఏమీ కాలేదు.

అపోహ: ఏసీ ఆపాక ‘ఉస్స్’ మంటే లీకు.

కాదు. పైపుల్లో ఎక్కువ, తక్కువ ఒత్తిళ్లు సమమవుతున్నాయి, అంతే.

ఇంజన్ ఆపాక కూడా ముందువైపు హోరుమంటుంటే అది రేడియేటర్ ఫ్యాన్. కొన్ని బండ్లలో కాసేపు తిరిగి ఆగుతుంది. ఆగిందని మాత్రం చెయ్యి పెట్టకండి, వేడికి దానంతటదే మళ్లీ తిరగొచ్చు.