"మా జర్నల్ పరిధిలోకి రాదు" అంటే అర్థమేమిటి? సోషల్ వర్క్ ఎడ్యుకేషన్ జర్నళ్లు: అపోహలు - వాస్తవాలు

పేపర్ పంపిన నాలుగో రోజుకే మెయిల్ వచ్చేస్తుంది. మీ పేపర్ మా జర్నల్ పరిధిలోకి రాదు, వేరే జర్నల్ చూసుకోండి, అంతే. పేపర్ చదివి అభిప్రాయం చెప్పే రివ్యూయర్ల మాటే ఉండదు. ఇక స్టాఫ్ రూములో కారణాలు పుట్టుకొస్తాయి. మన ఇంగ్లిష్ నచ్చలేదంటారు ఒకరు, ఇండియా అడ్రస్ చూసి పక్కన పడేశారంటారు ఇంకొకరు, లోపల తెలిసినవాళ్లు లేనిదే పని జరగదని మూడోవారు తేల్చేస్తారు. మెయిల్‌లో రాసిన కారణాన్ని మాత్రం ఎవరూ నమ్మరు. చాలాసార్లు అసలు కారణం అదే.

అపోహ: సోషల్ వర్క్ మీద గట్టి పరిశోధన అయితే చాలు, సోషల్ వర్క్ ఎడ్యుకేషన్ జర్నల్ తీసుకుంటుంది.

వాస్తవం: తీసుకోదు. పేరులో ఎడ్యుకేషన్ అన్న మాట ఊరికే పెట్టుకోలేదు. అమెరికాలో కౌన్సిల్ ఆన్ సోషల్ వర్క్ ఎడ్యుకేషన్ (సీఎస్‌డబ్ల్యూఈ) తరఫున 1965 నుంచి వస్తున్న జర్నల్ ఆఫ్ సోషల్ వర్క్ ఎడ్యుకేషన్ (మొదట్లో దాని పేరు కాస్త వేరు) కానీ, జర్నల్ ఆఫ్ టీచింగ్ ఇన్ సోషల్ వర్క్ కానీ, సోషల్ వర్క్ ఎడ్యుకేషన్: ది ఇంటర్నేషనల్ జర్నల్ కానీ, ముందుగా చూసేది ఒకటే. సోషల్ వర్కర్‌ని తయారు చేసే పని గురించి ఈ పేపర్ కొత్తగా ఏం చెబుతోంది? సిలబస్, తరగతి గది, ఫీల్డ్ వర్క్, సూపర్‌విజన్, మూల్యాంకనం, అధ్యాపకుల పరిస్థితి, వీటిలో ఏదో ఒకటి పేపర్‌కి నడుమ ఉండాలి. తోకలా చివర్లో వేలాడకూడదు.

తోక పేపర్లు ఎలా ఉంటాయో రాసేవాళ్లకీ తెలుసు. మూడు వందల మంది డ్వాక్రా సభ్యుల సర్వే, పట్టికలు, కై స్క్వేర్, అంతా అయ్యాక ఆఖరి పేరాలో "ఈ అంశాన్ని సోషల్ వర్క్ పాఠ్యాంశాల్లో చేర్చాలి" అని ఒక్క వాక్యం. ఎడిటర్‌కి ఇది పట్టుకోవడానికి ఐదు నిమిషాలు చాలు. అబ్‌స్ట్రాక్ట్ చదివి, నేరుగా రిఫరెన్సులకు వెళ్తారు. అక్కడ సోషల్ వర్క్ విద్య మీద వచ్చిన పేపర్ ఒక్కటీ లేకపోతే, ఈ రచయిత మా జర్నల్ తెరిచి కూడా చూడలేదని అర్థమైపోతుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. "ఒక మండలంలో ఒంటరి మహిళలు పింఛను పొందడంలో ఇబ్బందులు" అని పేపర్ రాశారు. బాగానే ఉంది, కానీ దాని ఇల్లు వేరు. టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ (టిస్) తరఫున 1940 నుంచీ వస్తున్న ఇండియన్ జర్నల్ ఆఫ్ సోషల్ వర్క్ లాంటి చోట దానికి దారి ఉండొచ్చు. ఇప్పుడు అదే మండలాన్ని ఇంకో వైపు నుంచి చూడండి. ఆ ఇళ్లకు వారానికి రెండు రోజులు వెళ్లింది మీ ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్ పీజీ) రెండో ఏడాది విద్యార్థులే. వాళ్ల ఫీల్డ్ వర్క్ రికార్డులు మీ బీరువాలోనే ఉన్నాయి. మొదటి నెల రికార్డుల్లో "క్లయింట్‌కి కౌన్సెలింగ్ ఇచ్చాను" అన్నది పేజీలకు పేజీలు నిండి ఉంటుంది. క్లయింట్‌తో కలిసి ఎంపీడీఓ ఆఫీసుకి మూడుసార్లు తిరిగిన సంగతి మాత్రం ఒక్క లైనులో ముగుస్తుంది, ఎందుకంటే అది సోషల్ వర్క్ అని ఆ పిల్లలకి తట్టలేదు. ఇండివిడ్యువల్ కాన్ఫరెన్స్‌లో, అంటే విద్యార్థితో విడిగా కూర్చున్నప్పుడు, సూపర్‌వైజర్ ఏ ప్రశ్న వేశాక ఆ ఒక్క లైను పేజీ అయింది? అడ్వొకసీని (క్లయింట్ తరఫున నిలబడి హక్కు అడగడాన్ని) తమ పనిగా విద్యార్థులు ఎప్పుడు గుర్తించారు? ఎడ్యుకేషన్ జర్నల్‌కి కావాల్సిన పేపర్ ఇదీ.

గమనించండి, ఇక్కడ మారింది శీర్షిక ఒక్కటే కాదు. ప్రశ్న మారింది. డేటా మారింది, పింఛను దరఖాస్తుల బదులు రికార్డులు, గ్రూప్ కాన్ఫరెన్స్ నోట్సు వచ్చాయి. సాహిత్య సమీక్ష అయితే పూర్తిగా కొత్తది. తిరస్కరించిన పేపర్‌కి "విద్యాపరమైన ప్రాధాన్యం" అని రెండు పేరాలు అతికించి మళ్లీ పంపడం దండగ.

ఇందులోనే ఇంకో చిక్కుంది. కాంకరెంట్ ఫీల్డ్ వర్క్ (తరగతులతో పాటే సాగేది), బ్లాక్ ప్లేస్‌మెంట్ (తరగతులు ఆపి ఏకధాటిగా ఒకే సంస్థలో చేసేది), రూరల్ క్యాంప్ (ఊళ్లో ఉండి చేసే శిబిరం) అంటే మనకి వేరే చెప్పక్కర్లేదు, లండన్‌లో ఉన్న రివ్యూయర్‌కి చెప్పాలి. అమెరికాలో అక్రెడిటేషన్ (అధికారిక గుర్తింపు) ఉన్న కోర్సుకి బీఎస్‌డబ్ల్యూలో (సోషల్ వర్క్ డిగ్రీలో) కనీసం 400, ఎంఎస్‌డబ్ల్యూలో కనీసం 900 గంటల ఫీల్డ్ వర్క్ అని లెక్క ఉంది. మన దగ్గర అలా అన్ని కోర్సులకీ ఒకే లెక్క లేదు, యూనివర్సిటీని బట్టి మారుతుంది. అందుకే వారానికి ఎన్ని రోజులు, సెమిస్టర్‌కి ఎన్ని గంటలు, ఒక ఫ్యాకల్టీ సూపర్‌వైజర్ కింద ఎంతమంది, ఏజెన్సీలో (విద్యార్థి ఫీల్డ్ వర్క్ చేసే సంస్థలో) సోషల్ వర్క్ చదువుకున్నవాళ్లు ఉన్నారా లేదా, రికార్డు తెలుగులో రాస్తారా ఇంగ్లిష్‌లోనా, ఇవన్నీ మెథడ్స్‌లో ఒక పేరాగా రావాలి. తెలుగు రికార్డుల్ని కోట్ చేస్తే అనువాదం ఎవరు చేశారో, ఎవరు సరిచూశారో కూడా రాయాలి. ఇండియా పేపర్లు వెనక్కి రావడంలో ఇంగ్లిష్ తప్పుల కన్నా ఈ పేరా లేకపోవడం పెద్ద లోటు.

అపోహ: అధ్యయనం మన విద్యార్థుల మీదే కదా, ఎథిక్స్ కమిటీ అనుమతి ఎందుకు?

వాస్తవం: మన విద్యార్థులు కాబట్టే. మార్కులు వేసే మనిషి సమ్మతి పత్రం ముందు పెడితే కాదనగల విద్యార్థి ఎవరు? రివ్యూయర్లు అడిగేది ఇదే. పద్ధతి కష్టమేమీ కాదు. డేటా మొదలుపెట్టకముందే ఎథిక్స్ కమిటీ అనుమతి తీసుకోండి, ఎందుకంటే అయిపోయిన అధ్యయనానికి వెనక తేదీతో అనుమతి దొరకదు. కాలేజీలో కమిటీ లేకపోతే అఫిలియేటింగ్ యూనివర్సిటీ కమిటీని అడగండి. సమ్మతి పత్రాలు ఆ బ్యాచ్‌కి పాఠం చెప్పని సహోద్యోగి తీసుకుని, పరీక్ష ఫలితాలు వచ్చేదాకా కవర్లో తన దగ్గరే ఉంచుకోవాలి. ఎవరు ఒప్పుకున్నారో, ఎవరు ఒప్పుకోలేదో అప్పటిదాకా మీకు తెలియకూడదు.

ఫీల్డ్ వర్క్ రికార్డు వాడుతుంటే అందులో విద్యార్థితో పాటు క్లయింట్ కూడా ఉంటారు. ఊరి పేరు, జబ్బు, కులం, భర్త ఉద్యోగం, ఒక్కో వివరం ఒక్కో ఆనవాలు. పేరు మార్చినంత మాత్రాన సరిపోదు. ముప్పై మంది బ్యాచ్‌లో చూపు లేని విద్యార్థి ఒక్కరే ఉంటే, "చూపు లేని ఒక విద్యార్థి" అని రాయడం పేరు రాయడంతో సమానం.

అపోహ: పేరు తీసేస్తే బ్లైండ్ రివ్యూకి (రాసిందెవరో తెలియకుండా చేసే సమీక్షకి) సిద్ధం.

వాస్తవం: పేరు పది చోట్ల దాక్కుని ఉంటుంది. టైటిల్ పేజీ విడిగా వేరే ఫైల్‌లో పెట్టండి. కృతజ్ఞతలు కూడా అక్కడికే వెళ్లాలి. "మా గత అధ్యయనంలో (రావు, 2021)" అనే వాక్యాన్ని "రావు (2021) ప్రకారం" అని మూడో మనిషి మాటలా మార్చండి. మెథడ్స్‌లో యూనివర్సిటీ పేరు బదులు "దక్షిణ భారతంలోని ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయం" అనండి, ఎథిక్స్ అనుమతి నంబర్ రివ్యూ ప్రతిలో మూసి ఉంచండి. తర్వాత వర్డ్‌లో ఫైల్, ఇన్ఫో, ఇన్‌స్పెక్ట్ డాక్యుమెంట్ నొక్కి, రచయిత పేరు, కామెంట్లు, ట్రాక్ ఛేంజెస్ అన్నీ తుడిచేయండి. ఇదంతా చేసి ఫైల్‌కి ఇంటిపేరుతో సహా తమ పేరే పెట్టి అప్‌లోడ్ చేసేవాళ్లున్నారు.

అపోహ: విదేశీ జర్నల్ అంటే డబ్బు కట్టాల్సిందే.

వాస్తవం: పైన చెప్పిన మూడూ చందా పద్ధతిలో నడిచేవే. ఆ దారిలో రచయిత పైసా కట్టక్కర్లేదు. అంగీకారం వచ్చాక ఓపెన్ యాక్సెస్ (రచయిత డబ్బు కడితే పేపర్ అందరికీ ఉచితంగా దొరికే పద్ధతి) కావాలా అని ఒక స్క్రీన్ వస్తుంది, అక్కడ వద్దంటే సరి. ఆ స్క్రీన్ చూసి హడలిపోయి పేపర్ వెనక్కి తీసుకోవద్దు.

భయపడాల్సింది వాట్సాప్‌లో తిరిగే ప్రకటనలకి. మూడు రోజుల్లో ప్రచురణ, సర్టిఫికెట్ ఉచితం, ఐఎస్‌ఎస్‌ఎన్ ఉంది అంటారు. ఐఎస్‌ఎస్‌ఎన్ గుర్తింపు నంబర్ మాత్రమే, నాణ్యతకు ముద్ర కాదు. మంచి జర్నళ్లివి అని యూజీసీ పెట్టిన కేర్ జాబితాని 2025 ఫిబ్రవరిలో యూజీసీయే ఎత్తేసింది, కాబట్టి "కేర్ లిస్టెడ్" అని ఇప్పటికీ ఊదరగొట్టేవాళ్ల మాట పట్టించుకోవద్దు. ప్రమోషన్ గడువు ముంచుకొస్తుంటే మనసు అటు లాగుతుంది, అర్థం చేసుకోదగిందే. కానీ అక్కడ పోయేది కట్టిన డబ్బు ఒక్కటే కాదు. ఒకసారి అచ్చయిన పేపర్‌ని మంచి జర్నల్ మళ్లీ తీసుకోదు, రెండేళ్ల ఫీల్డ్ డేటా అక్కడే సమాధి.

మిగతావి గబగబా. ఒకే పేపర్ ఒకే సమయంలో రెండు జర్నళ్లకు పంపకూడదు, ఇందులో బేరం లేదు. పదాల పరిమితిలో చాలాచోట్ల రిఫరెన్సులు, పట్టికలు కూడా కలుస్తాయి, ఆ జర్నల్ సూచనల పేజీ చూసుకోండి. రిఫరెన్సులు రాసే ఏపీఏ పద్ధతి ఏడో ఎడిషన్‌లో ముగ్గురు, అంతకన్నా ఎక్కువ రచయితలుంటే మొదటిసారి నుంచే "తదితరులు" (et al.) రూపం వాడాలి, పుస్తకాలకి ప్రచురణ ఊరు అక్కర్లేదు. సిమిలారిటీ (ఇతరుల రాతతో పోలిక) పది శాతం లోపుంటే శిక్ష లేదన్నది యూజీసీ 2018 నిబంధన. ఎడిటర్ మాత్రం ఎంత శాతం అన్నదానికన్నా ఎక్కడ కలిసిందో చూస్తారు, ఒకే పేరా ఎత్తి పెడితే ఆరు శాతమైనా దొరికిపోతారు. చాట్‌జీపీటీని రచయితగా పెట్టలేరు, వాడితే వాడినట్టు చెప్పాలి. గైడ్ పేరు గౌరవం కోసం పెట్టే ఆచారం కూడా రచయిత అర్హత కిందికి రాదు. పీహెచ్‌డీ థీసిస్ సమర్పించడానికి పేపర్ తప్పనిసరి అన్న షరతు యూజీసీ 2022 నిబంధనల్లో లేదు. మీ యూనివర్సిటీ సొంతంగా పెట్టుకుందేమో ఆర్డినెన్స్‌లో చూడండి.

అపోహ: మేజర్ రివిజన్ (పెద్ద మార్పులు చేసి మళ్లీ పంపమనడం) అంటే మర్యాదగా వద్దనడం.

వాస్తవం: వద్దనుకుంటే వద్దనే అంటారు. మూడు నిలువు వరుసల పట్టిక గీయండి. మొదటిదాంట్లో రివ్యూయర్ వ్యాఖ్య యథాతథంగా, రెండోదాంట్లో మీరేం మార్చారు, మూడోదాంట్లో ఏ పేజీ, ఏ లైను. ఒప్పుకోని వ్యాఖ్య ఉంటే ఎందుకు మార్చలేదో రెండు వాక్యాల్లో చెప్పండి, ఖాళీగా వదలొద్దు. ఇద్దరు రివ్యూయర్లు ఎదురెదురు మాటలు చెబితే ఎవరి వైపు వెళ్లారో, ఎందుకో ఎడిటర్‌కి రాసే లేఖలో పెట్టండి. గడువు చాలదనిపిస్తే అది ముగియకముందే ఎడిటర్‌కి మెయిల్ పెట్టి పొడిగించమనండి. సవరించిన పేపర్ పంపే లింకు మూతపడ్డాక పంపితే కొత్త పేపర్‌గా లెక్కేసి, వేరే రివ్యూయర్లకు మొదటి నుంచి పంపే ప్రమాదం ఉంది.