తక్కువ రేటే తొలి మెట్టా? ఫ్రీలాన్సింగ్‌లో అపోహలు, వాస్తవాలు

కొత్తగా ఫ్రీలాన్సింగ్‌లోకి వచ్చేవాళ్లు నాకు రాసే సందేశాల్లో ఒక ప్రశ్న తప్పకుండా ఉంటుంది: "మొదట్లో ఎంత తక్కువకు చేయమంటారు?" తక్కువకు చేయాలా వద్దా అని ఎవరూ అడగరు. ఆ సంగతి ఎవరో ఏ వీడియోలోనో తేల్చేశారు, వీళ్లు నమ్మేశారు.

నా వృత్తి వెబ్‌సైట్లు తయారు చేయడం. పని ఎక్కువైనప్పుడు డిజైను, రాత, ఫొటో ఎడిటింగ్ ఇతర ఫ్రీలాన్సర్లకు అప్పగిస్తుంటాను. అంటే ప్రపోజళ్లు (ఈ పని ఇలా చేస్తాను, ఇంత తీసుకుంటాను అని క్లయింటుకు రాసే దరఖాస్తులు) పంపడమూ నా పనే, వచ్చినవాటిని చదివి ఒకరిని ఎంచుకోవడమూ నా పనే. ఈ రెండోదే నాకు ఎక్కువ నేర్పింది.

అపోహ: మొదట కారుచౌకగా, కుదిరితే ఉచితంగా చేయాలి. రివ్యూలు పోగయ్యాక రేటు పెంచుకోవచ్చు.

కొత్తవాళ్లను ఇంతగా ముంచిన మాట మరొకటి లేదు. రివ్యూలు అక్కర్లేదని నేను అనను. కానీ చౌక పనికి వచ్చిన రివ్యూ చౌక క్లయింట్లనే వెంటబెట్టుకొస్తుంది. రేటు పెంచిన రోజున వాళ్లలో ఎక్కువమంది వెళ్లిపోతారు, ఎందుకంటే వాళ్లు మీ పనిని కాదు, మీ ధరను చూసి వచ్చారు. అప్పుడు మళ్లీ మొదటికే వస్తారు, ఈసారి అలసిపోయి.

ఒకసారి లెక్క వేయండి. ఫ్రీలాన్సర్లకు పనులు దొరికే ప్లాట్‌ఫామ్ ఫైవర్‌లో 20 డాలర్లకు ఒక లోగో ఒప్పుకున్నారనుకుందాం. అందులో 20 శాతం కమిషన్ పోతే మీకు మిగిలేది 16. గీయడానికి నాలుగు గంటలు, మాటామంతీకి ఒక గంట, "ఇంకొంచెం మార్చండి" అన్న ప్రతిసారీ మరో గంట. మూడు మార్పులైతే మొత్తం ఎనిమిది గంటలు, గంటకు రెండు డాలర్లు. డబ్బును బ్యాంకుకు తెచ్చుకునే రుసుము, మారకంలో పోయేది, పన్ను ఇంకా లెక్కలోకి రాలేదు. ఆ పని వెతుక్కోవడానికి పట్టిన సమయం అసలే రాలేదు.

కొత్తవాళ్లకు తెలియనిది మరొకటుంది. చాలామంది క్లయింట్లకు డబ్బు కన్నా పెద్ద బెంగలు ఉంటాయి. ఈ మనిషి సగంలో మాయమవుతాడా? ఎక్కడి నుంచో కాపీ చేసి ఇస్తాడా? ఒకే విషయం పదిసార్లు చెప్పాల్సి వస్తుందా? రేటు మరీ తక్కువగా కనిపిస్తే ఈ బెంగలు తగ్గవు, పెరుగుతాయి.

ఒకసారి ఒక అమ్మకాల సైటు కోసం వస్తువుల ఫొటోలు సరిచేసే పని ప్రకటించాను, కొన్ని నమూనా ఫొటోలు జతచేశాను. కుప్పలుగా వచ్చిన ప్రపోజళ్లలో అధిక భాగం ఒకే అచ్చు: గౌరవనీయులైన అయ్యా, మీ ప్రకటన శ్రద్ధగా చదివాను, నాకు ఇన్నేళ్ల అనుభవం ఉంది, అందరికన్నా తక్కువకు చేస్తాను. చదివినట్టు ఒక్క ఆనవాలూ లేదు. ఒకామె మాత్రం ఇలా మొదలుపెట్టింది: "మీ మూడో ఫొటోలో నీడ కుడివైపు పడింది, మిగతావాటిలో ఎడమవైపు ఉంది. పక్కపక్కన పెడితే తేడా తెలుస్తుంది. నీడలన్నీ ఒకవైపుకు మార్చమంటారా?" ఆ తేడా నేనూ గమనించలేదు. ఆమె ప్రొఫైల్‌లో ఒక్క రివ్యూ లేదు, అడిగిన రేటు తక్కువేమీ కాదు. పని ఆమెకే ఇచ్చాను. ఇప్పటికీ ఆమే చేస్తోంది.

అందుకే రేటు కాదు, పని పరిమాణం తగ్గించండి. మొత్తం వెబ్‌సైటు చౌకగా చేస్తానని చెప్పే బదులు, మొదట హోమ్ పేజీ ఒక్కటి నా మామూలు రేటుకు చేస్తాను, నచ్చితే మిగతాది చూద్దాం అనండి. క్లయింటు పోగొట్టుకోగలిగింది కొంచెమే కాబట్టి ధైర్యంగా ఒప్పుకుంటాడు. మీ రేటూ దిగదు. చూపించడానికి పాత పని లేదంటారా? సొంతంగా రెండు మూడు నమూనాలు చేసి, సాధన కోసం చేసినవని స్పష్టంగా రాసి పెట్టండి. నేను చూసేది చేతి పనితనాన్ని, దానికి ఎవరు డబ్బిచ్చారన్నది కాదు.

ప్రపోజల్‌లో మొదటి రెండు వాక్యాలే ప్రాణం. క్లయింటుకు కనిపించే జాబితాలో ప్రతి ప్రపోజల్ తాలూకు ఆరంభం మాత్రమే ఉంటుంది, మిగతాది నొక్కితేనే తెరుచుకుంటుంది. మీ పేరు, చదువు అక్కడ వృథా చేయకండి. అలాంటిదే మరో ప్లాట్‌ఫామ్ అప్‌వర్క్‌లో ప్రపోజల్ పంపడానికి కనెక్ట్‌లు, అంటే డబ్బిచ్చి కొనుక్కునే టోకెన్లు, ఖర్చవుతాయి, ఒక్కోటి 15 సెంట్లు, ఒక్క పనికే అవి చాలా పోతాయి. కాబట్టి కనిపించిన ప్రతిదానికీ పంపడం సొంత డబ్బును చల్లుకోవడమే. క్లయింటు చెల్లింపు విధానం ధ్రువీకరణ అయిందా, ఇంతకుముందు ఎవరికైనా పని ఇచ్చాడా, ప్రకటన ఎప్పటిది అన్నవి చూసి పంపండి.

అపోహ: రిజిస్ట్రేషన్ ఫీజు కడితే పని ఇస్తారు.

పని ఇచ్చేవాడు డబ్బు ఇస్తాడు, అడగడు. టైపింగ్ పని పేరుతో డిపాజిట్ కట్టించుకుని, తర్వాత "తప్పులున్నాయి, ఒప్పందం ఉల్లంఘించారు, జరిమానా కట్టకపోతే కేసు" అని బెదిరించే ముఠాలున్నాయి. అలాంటి నోటీసు అందుకుని, ఇంట్లో చెప్పుకోలేక నిద్రపోనివాళ్లతో మాట్లాడాను. మీరు చేసిన నేరం ఏమీ లేదు. ఇంకొక్క పైసా పంపకండి. సందేశాలు, చెల్లింపుల వివరాలు భద్రపరచి సైబర్ నేరాల విభాగానికి ఫిర్యాదు చేయండి. మీ ఫ్రీలాన్సింగ్ ఖాతాను అద్దెకు ఇవ్వమనేవాళ్లూ ఈ కోవకే చెందుతారు. ఖాతా మూతపడితే నష్టం మీకే.

అపోహ: కమిషన్ తప్పించుకోవాలంటే క్లయింటును ప్లాట్‌ఫామ్ బయటికి తెచ్చుకోవాలి.

పరిచయమైన మొదటి నిమిషంలోనే టెలిగ్రామ్‌కు రమ్మనేవాడిని వదిలేయండి. కమిషన్ అందరికీ బాధే, కాదనను. అయితే మొత్తం ధర ముందే తేల్చుకున్న పనుల్లో క్లయింటు ఒక్కో దశ సొమ్మును ముందే ఎస్క్రోలో, అంటే పని అయ్యేదాకా సొమ్మును ప్లాట్‌ఫామ్ దగ్గరే ఉంచే ఖాతాలో, పెడతాడు. మీరు పని అప్పగించాక 14 రోజులు అతను పలకకపోతే అప్‌వర్క్‌లో అది మీకే విడుదలవుతుంది. ఎస్క్రోలో సొమ్ము పడకముందే పని మొదలుపెట్టేవాళ్లను చూస్తే మాత్రం నాకు ఒళ్లు మండుతుంది. గంటల లెక్కన చేసే పనికీ రక్షణ ఉంది, కానీ టైమ్ ట్రాకర్ (పనిగంటలు నమోదు చేసే అప్‌వర్క్ యాప్) నడిపిన గంటలకే, చేత్తో రాసుకున్నవాటికి కాదు. పైగా అక్కడ పరిచయమైన క్లయింటును రెండేళ్లలోపు బయటికి తీసుకుపోవడం, అందుకు నిర్ణయించిన రుసుము కడితే తప్ప, నిబంధనలకు విరుద్ధం.

ఇరవై నాలుగు గంటలూ ఆన్‌లైన్‌లో కనిపిస్తే అల్గారిదమ్ కరుణిస్తుందని పేజీని రిఫ్రెష్ చేసే యాప్‌లు అమ్ముతున్నారు. కొనకండి. ఇంగ్లిష్ అనర్గళంగా రావాలా? అనువాదం, రాత పనులకు తప్ప అవసరం లేదు. పొట్టి వాక్యాలు, సూటి ప్రశ్నలు చాలు. ఏఐ వచ్చాక పనే లేదన్నది సగం నిజం. ఆలోచన అక్కర్లేని పనులు తగ్గాయి. తప్పు పట్టుకోగలిగేవాడి అవసరం తగ్గలేదు.

ప్లాట్‌ఫామ్‌లోనే క్లయింట్లు దొరుకుతారన్నదీ నిజం కాదు. పాత సహోద్యోగులకు, కలిసి చదువుకున్నవారికి ఒక సందేశం పంపండి. "ఏదైనా పని ఉంటే చెప్పండి" అని రాస్తే ఎవరికీ ఏమీ గుర్తురాదు. "ఆన్‌లైన్ దుకాణాల సైట్లు నెమ్మదిగా తెరుచుకుంటుంటే సరిచేస్తున్నాను" అని రాస్తే అలాంటి సైటు ఉన్న మనిషి గుర్తొస్తాడు.

ఇక "రెండు వారాలైంది, ఒక్క జవాబూ లేదు, నాకు ఇది తగదేమో" అని రాసేవాళ్లకు. ఎన్నో ప్రకటనలు ఎవరినీ తీసుకోకుండానే మూతపడతాయి, అవి మీరు కోల్పోయిన అవకాశాలు కావు. మీ ప్రపోజళ్లను క్లయింటు చూశాడో లేదో ముందు గమనించండి. అసలు చూడకపోతే ఆలస్యంగా పంపుతున్నారేమో, లేదా మొదటి వాక్యాలు ఆకట్టుకోవడం లేదేమో చూసుకోండి. చూసి కూడా పలకకపోతే నమూనాలను మార్చండి. రేటు జోలికి ఇంకా వెళ్లకండి.