ఎర్రగుడి శాసనం నుంచి సారా పాటల దాకా: సీమలో అహింస

రాయలసీమ ముఠా కక్షల ప్రస్తావన వచ్చిన ప్రతిసారీ ఈ నేల స్వభావమే అంత అని తేల్చేసేవారు ఉంటారు. చరిత్ర ఆ మాటను ఒప్పుకోదు. గుత్తి నుంచి పత్తికొండ వెళ్లే దారిలో, కర్నూలు జిల్లా జొన్నగిరి సమీపంలోని ఎర్రగుడి వద్ద, బండలపై అశోకుడు చెక్కించిన శాసనాలు 1929లో వెలుగులోకి వచ్చాయి. తొలకరి పడితే వజ్రాల కోసం జొన్నగిరి పొలాలను జల్లెడ పట్టేవారిలో ఆ బండల దాకా వెళ్లేవారెందరో చెప్పలేం.

అక్కడి మొదటి శాసనం వంటింటి లెక్క చెబుతుంది. ఒకప్పుడు రాజుగారి వంటశాలలో కూర కోసం రోజూ లక్షల ప్రాణులను చంపేవారు; ఇప్పుడు రెండు నెమళ్లు, ఒక జింక మాత్రమే, ఆ జింక కూడా ప్రతిరోజూ కాదు; ఇకమీదట వాటినీ చంపరు. తన పళ్లెంలో ఇంకా మిగిలిన మూడు ప్రాణుల సంగతిని చక్రవర్తి దాచకుండా రాతికెక్కించడమే నాకు ఆ శాసనాలన్నింటిలో నిజాయితీ గల భాగంగా తోస్తుంది. పదమూడవ శాసనంలో ఆయన కళింగలో లక్ష మంది హతులైనందుకు, లక్షన్నర మంది చెరపట్టబడినందుకు పశ్చాత్తాపపడుతూనే, అడవి జాతులను మాత్రం తనకు దండించే శక్తి ఉందని హెచ్చరిస్తాడు. అంటే ఆ అహింస వెనుక రాజదండం ఉండనే ఉంది.

తర్వాతి శతాబ్దాల్లో అనంతపురం జిల్లా కొనకొండ్ల, కడప జిల్లా దానవులపాడు జైన క్షేత్రాలుగా వర్ధిల్లాయి. చంపదగిన శత్రువు చేజిక్కినా కీడు చేయక, మేలు చేసి పొమ్మనడమే వాడికి చావు అన్న వేమన మాట ఇక్కడి జనం నోట నేటికీ ఉంది.

1800లో నిజాం ఈ జిల్లాలను ఈస్టిండియా కంపెనీకి దత్తం చేశాక, కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో పాలెగాళ్లను బలప్రయోగంతో అణచాడు. నేటి కక్షలకు మూలం ఆ పాలెగాళ్లేనని చాలామంది అంటారు గానీ, సారా పాటలు (సారా అమ్మే హక్కుకు జరిగే వేలంపాటలు), రోడ్ల కాంట్రాక్టులు, గనులు, పంచాయతీ ఎన్నికలు లెక్కలోకి తీసుకోకుండా ఇరవయ్యో శతాబ్దపు హత్యలను వివరించడం సాధ్యం కాదు.

రాజదండం లేని అహింసను ఈ ప్రాంతం 1921లో చూసింది. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం వల్ల తరతరాలుగా పశువులు మేసిన అడవికి పుల్లరి (మేత పన్ను) కట్టవలసి వచ్చిన రైతులు, అప్పటి కడప జిల్లా రాయచోటి తాలూకాలో రుసుము చెల్లించకుండానే మందలను అడవిలోకి తోలారు. ఆ ఏడాది సెప్టెంబరులోనే గాంధీ కడపకు వచ్చారు. ఇది ఓర్చుకోవడం కాదు, సహకరించకపోవడం. దెబ్బ తగిలింది మనిషికి కాదు, సర్కారు ఖజానాకు.

కక్షలున్న ఊళ్లలో ‘రాజీ’ అనే మాటకు ఇలాంటి అహింస అనే అర్థం లేదు. ఇద్దరు నాయకులు కూర్చుని ఒప్పుకుంటారు, సాక్షులు ఎదురు తిరుగుతారు, కేసులు వీగిపోతాయి. కొట్లాటలో కొడుకును పోగొట్టుకున్న అనుచరుడి ఇంటికి ఆ ఒప్పందంలో వాటా ఉండదు. ఊరు కొంతకాలం నెమ్మదిస్తుంది నిజమే, కానీ దాన్ని అహింస అనలేం. రాయలసీమ కక్షల గురించి విస్తారంగా రాసిన కె. బాలగోపాల్ 1998లో పౌరహక్కుల సంఘం నుంచి విడివడి మానవహక్కుల వేదిక స్థాపనలో పాలుపంచుకోవడానికి కూడా, రాజ్యం చేసే హింసనే కాక ఉద్యమాలు చేసే హింసనూ ప్రశ్నించాలన్న పట్టుదలే ప్రధాన కారణం.

రాయచోటి తరహా పోరాటానికి దగ్గరగా వచ్చినవారు ఆడవాళ్లే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రాజుకున్న సారా వ్యతిరేక ఉద్యమం కర్నూలు, కడప జిల్లాలకూ పాకింది. మహిళలు దుకాణాల ముందు బైఠాయించి, సారా పాటలు జరగకుండా అడ్డుకున్నారు. ఆ పాటలు కేవలం తాగుడు వ్యవహారం కావు. చాలాచోట్ల ముఠాలకు జీతాలిచ్చే సొమ్ము వాటి నుంచే వచ్చేది. 1993 అక్టోబరు 1న సారా నిషేధం అమల్లోకి వచ్చింది. 1995లో తెచ్చిన సంపూర్ణ మద్యనిషేధాన్ని ప్రభుత్వం 1997లో సడలించినా సారా పాటలు తిరిగి రాలేదు. పోటీ మాత్రం కాంట్రాక్టులకు, గనులకు మళ్లింది. వాటి టెండర్ల దగ్గర ఆడవాళ్లు బైఠాయించే స్థాయి ఉద్యమం మళ్లీ రాలేదు.