ఫైటర్ చేప రంగు మారితే: అపోహలు, వాస్తవాలు

నెల్లూరులో అక్వేరియం చేపలు పెంచి అమ్మే పనిలో ఉన్నవాళ్లకు ఎక్కువగా వచ్చే ఫోన్ ఇదే. "అన్నా, మీ దగ్గర తీసుకున్న ఫైటర్ తెల్లగా అయిపోతా ఉంది. ఏం మందు వెయ్యమంటారు?" వెంటనే వాట్సాప్‌లో ఫోటో కూడా వస్తుంది. నేను మందు పేరు చెప్పను. ముందు మూడు సంగతులు అడుగుతాను. రంగు ఎన్నాళ్లలో మారింది? మేత తింటోందా? నీళ్లు ఎప్పుడు, ఎంత మార్చారు? వీటికి సరైన జవాబులు వస్తే చాలాసార్లు మందు అవసరమే ఉండదు. అడక్కుండా మందు వేసినచోట బతకాల్సిన చేపలు చనిపోతున్నాయి. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

మనం ఫైటర్ అని పిలిచే బెట్టా థాయిలాండ్ చేప. 2019లో ఆ దేశం దీన్ని తమ జాతీయ జలచరంగా ప్రకటించింది. అక్కడి వరిమళ్లలో, నిలవ నీళ్లలో ఉండే అసలు ఫైటర్ మామూలుగా మట్టి రంగులోనే ఉంటుంది. ఇంకో మగచేప ఎదురైతేనే దాని ఎరుపు, ఆకుపచ్చ రంగులు పైకి తేలతాయి. రంగు మార్చడం ఈ జాతికి పుట్టుకతో వచ్చిన గుణం. మనం షాపుల్లో చూసే నీలం, ఎరుపు, తెలుపు రకాలన్నీ మనుషులు తరతరాలుగా ఏరి పెంచినవి.

అపోహ: రంగు మారిందంటే జబ్బు చేసినట్టే

చేప చర్మంలో పసుపు, ఎరుపు, నలుపు రంగుల కణాలు వేరువేరుగా ఉంటాయి. నలుపు కణం లోపలి రేణువులు విచ్చుకుంటే చేప ముదురుగా కనిపిస్తుంది, ఒకచోటికి ముడుచుకుంటే పాలిపోతుంది. భయపడినా, చలి వేసినా, నిద్రలో ఉన్నా ఇది నిమిషాల మీద జరిగిపోతుంది. రాత్రి లైటు వేయగానే చేప వెలిసిపోయి కనబడిందని కంగారు పడేవాళ్లు ఉన్నారు. పది నిమిషాలు ఆగి చూడండి, రంగు తిరిగి వస్తుంది.

షాపులో చిన్న డబ్బాలో పాలిపోయి ఉన్న చేప ఇంటికొచ్చాక వారంలో మెరిసిపోవడం కూడా ఇలాంటిదే. మంచి నీళ్లు, సరైన వేడి, చాలినంత చోటు దొరికితే దానికి అంతకంటే ఏం కావాలి?

వయసు సంగతీ ఉంది. ఫైటర్ సాధారణంగా రెండు నుంచి నాలుగేళ్లు బతుకుతుంది. షాపుకు వచ్చేసరికే దానికి కొన్ని నెలల వయసు ఉంటుంది. రెండేళ్లు దాటిన చేప ముఖం దగ్గర, వీపు మీద వెలిసిపోతుంటే, మేత మాత్రం బాగా తింటుంటే దానికి మందు లేదు, అవసరమూ లేదు.

అపోహ: రంగు వేసి అమ్మారు, ఇప్పుడు దిగిపోతోంది

ఈ అనుమానం ఊరికే పుట్టలేదు. ఒళ్లు పారదర్శకంగా ఉండే గాజు చేపలకు సూదితో రంగు ఎక్కించి అమ్మే పాడు అలవాటు ఈ వ్యాపారంలో ఉంది, దాన్ని నేను గట్టిగా వ్యతిరేకిస్తాను. కానీ తెల్ల ఫైటర్ మూడు నెలల్లో నీలంగా మారితే అది రంగు దిగడం కాదు, మార్బుల్ జన్యువు పని.

ఈ జన్యువులో ఒక ముక్క ఉన్నచోట ఉండదు, చోటు మార్చుకుంటుంది. 'జంపింగ్ జీన్' అంటారు. అది ఒక కణంలో కదిలితే ఆ కణం నుంచి పుట్టిన చర్మమంతా రంగు మారుస్తుంది. అందుకే మచ్చలు మచ్చలుగా మారుతుంది, ఎప్పుడు ఆగుతుందో ఎవరూ చెప్పలేరు. అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో ఓర్విల్ గల్లీ అనే ఖైదీ జైల్లో పెంచిన ఫైటర్ల నుంచి ఈ రకం మొదలైంది. ఇప్పుడు ఎక్కువ ధరకు అమ్ముడుపోయే కోయి, గెలాక్సీ రకాలన్నీ మార్బుల్ సంతానమే. కాబట్టి కోయి ఫైటర్ కొనేవాళ్లకు అమ్మేటప్పుడే చెప్పాలి: ఈ మచ్చలు ఇలాగే ఉంటాయని హామీ లేదు. ఈ మాట చెప్పకుండా అమ్మడం తప్పని నా అభిప్రాయం.

అపోహ: నీళ్లు తేటగా ఉన్నాయి, కాబట్టి తప్పు నీళ్లది కాదు

నా దగ్గరికి వచ్చే అసలైన సమస్యల్లో ఎక్కువ భాగం ఇక్కడే ఉంటాయి. చేప మొప్పల గుండా అమోనియా వదులుతుంది. తినకుండా మిగిలిన మేత కుళ్లినా అదే పుడుతుంది. అమోనియాకు రంగు లేదు. అద్దంలా మెరిసే గిన్నెలో కూడా అది చేపను కాల్చేస్తుంది. రెక్కల అంచులు నల్లబడటం, మొప్పలు ఎర్రబడటం, ఒళ్లంతా పాలిపోవడం, అడుగున కదలకుండా పడుకోవడం దాని గుర్తులు.

మన జిల్లాలో ఈ సంగతి రొయ్యల రైతుకు ఎవరూ నేర్పక్కర్లేదు. ముత్తుకూరు, ఇందుకూరుపేట వైపు చెరువు గట్టు మీద నిలబడి పీహెచ్ (నీళ్లలో ఆమ్ల, క్షార గుణాల కొలత) ఎంత, అమోనియా ఎంత అని లెక్క చూసుకునే మనిషే ఇంట్లో పిల్లల ఫైటర్ గిన్నెకు మాత్రం ఏ పరీక్షా చెయ్యడు. చెరువుకు ఏ సూత్రమో గిన్నెకూ అదే. పీహెచ్ పెరిగేకొద్దీ, నీళ్లు వేడెక్కేకొద్దీ అమోనియాలో విషపు భాగం పెరుగుతుంది. పీహెచ్ 7 నుంచి 8కి వెళ్తే ఆ భాగం దాదాపు పది రెట్లవుతుంది. మన బోరు నీళ్లు చాలాచోట్ల గట్టి నీళ్లు, అంటే ఖనిజాలు ఎక్కువ ఉన్నవి, పీహెచ్ కూడా ఎక్కువే. ఎండాకాలంలో గది వేడి దానికి తోడవుతుంది. వేసవిలో ఫోన్లు ఎక్కువ రావడానికి కారణం ఇదే.

దానికి విరుగుడుగా కొందరు క్యాన్ నీళ్లు పోస్తున్నారు. అవి ఆర్‌ఓ యంత్రంలో శుద్ధి చేసిన నీళ్లు, వాటిలో చేపకు కావాల్సిన ఖనిజాలు దాదాపు ఉండవు, పీహెచ్ నిలకడగా ఉండదు. బోరు నీళ్లు మరీ గట్టివైతే ఆర్‌ఓ నీళ్లు కొంత కలపండి, అంతేగానీ పూర్తిగా అవే పోయొద్దు. కుళాయి నీళ్లయితే క్లోరిన్ పోయేదాకా వెడల్పాటి బకెట్‌లో ఒక రోజు ఉంచండి, లేదా యాంటీ క్లోరిన్ వాడండి.

చిన్న గాజు గోళం ఫైటర్‌కు చాలదు. కనీసం 15, 20 లీటర్ల ట్యాంకు, నెమ్మదిగా నడిచే స్పాంజ్ ఫిల్టర్, వారానికోసారి నాలుగో వంతు నీటి మార్పు ఉండాలి. మొత్తం నీళ్లు పారబోసి, స్పాంజ్‌ని కుళాయి కింద తోమి కడిగితే అమోనియాను హరించే బాక్టీరియా కూడా పోతుంది. తీసిన ట్యాంకు నీళ్లలోనే స్పాంజ్ పిండితే చాలు. టెస్ట్ కిట్‌లో అమోనియా సున్నా, నైట్రైట్ (అమోనియా నుంచి బాక్టీరియా తయారుచేసే ఇంకో విషం) సున్నా చూపించాలి.

ఇంకో మాట, ఏసీ గురించి. ఫైటర్‌కు 24 నుంచి 28 డిగ్రీల నీళ్లు సరిపోతాయి. పడకగదిలో రాత్రంతా ఏసీ, పగలు కరెంటు బిల్లు భయంతో ఏసీ ఆపేసి, కిటికీలు మూసి ఉక్కపోత. ఇలా రోజూ నీళ్లు చల్లబడి, వేడెక్కుతుంటే చేప రంగు నిలవదు. ట్యాంకును హాల్లో, ఎండ నేరుగా పడని గోడ పక్కన పెట్టండి. డిసెంబరు, జనవరిలో రాత్రుళ్లు చలి ఎక్కువైతే చిన్న హీటర్ వాడండి.

అపోహ: కలర్ ఫీడ్ వేస్తే ఏ రంగైనా వస్తుంది

ఎరుపు, పసుపు రంగులకు కావాల్సిన కెరోటినాయిడ్లను చేప సొంతంగా తయారు చేసుకోలేదు, మేత నుంచే రావాలి. రొయ్యల పొడి, స్పిరులినా అనే నాచు, ఆర్టీమియా అనే చిన్న ఉప్పునీటి రొయ్య ఉన్న మేత వేస్తే ఎరుపు చేప ఇంకా ఎర్రబడుతుంది, నిజమే. నీలం సంగతి వేరు. నీలంగా కనిపించే ఫైటర్‌లో నీలం రంగు పదార్థమేమీ లేదు. చర్మంలోని సన్నటి పలకల మీద వెలుగు పడి తిరిగి రావడం వల్ల అలా కనిపిస్తుంది. ఏ మేతా నీలాన్ని పుట్టించలేదు. రంగు కోసం ఎక్కువ మేత వేస్తే మిగిలింది కుళ్లి, మళ్లీ అమోనియా దగ్గరికే వస్తాం.

చారలు, అద్దం, బాదం ఆకు

తల నుంచి తోక దాకా పొడవుగా చారలు తేలితే అది బెదిరింది. ఆడచేపకు నిలువు చారలు వస్తే అది గుడ్లు పెట్టడానికి సిద్ధంగా ఉందని అర్థం, దానికి మందు వెయ్యకండి. అద్దం చూపిస్తే రంగు పెరుగుతుందనేది కాసేపటికి నిజమే. రోజంతా అద్దం పెడితే అది రోజంతా కొట్లాటలో ఉన్నట్టే, అలసిపోయి పాలిపోతుంది. రెక్క చివర పారదర్శకంగా పెరుగుతుంటే కొత్త కండ వస్తోందని సంతోషించండి. వీధిలో రాలిన ఎండు బాదం ఆకు కడిగి వేస్తే నీళ్లు టీ రంగుకు తిరుగుతాయి, చేపకు హాయిగా ఉంటుంది. కానీ జబ్బును అది ఒక్కటే నయం చేస్తుందని నమ్మి రోజులు పోగొట్టుకోవద్దు.

నిజంగా జబ్బయితే

గది చీకటి చేసి సెల్ టార్చ్‌ను పక్క నుంచి కొట్టండి. ఒంటి మీద బంగారు పొడి చల్లినట్టు కనబడితే అది వెల్వెట్ అనే పరాన్నజీవి. చేప మేత మానేస్తుంది, రెక్కలు ముడుచుకుని రాళ్లకు ఒళ్లు రుద్దుకుంటుంది. ఇది త్వరగా చంపుతుంది, ఆలస్యం చెయ్యొద్దు. ఈ పరాన్నజీవి వెలుగుతో కూడా బతుకుతుంది కాబట్టి ట్యాంకును గుడ్డతో కప్పి, అక్వేరియం కోసం తయారైన వెల్వెట్ మందు డబ్బా మీద రాసిన మోతాదులో వాడాలి. ఉప్పు రవ్వల్లా తెల్ల చుక్కలు ఉంటే అది ఇక్, దాని మందు వేరు. దూదిలాంటి తెల్లటి పొర ఉంటే అది ఇంకో రకం.

రొయ్యల మందుల షాపులో కొన్న యాంటీబయాటిక్, శానిటైజర్ మాత్రం గిన్నెలో వెయ్యకండి. వాటి మోతాదు ఎకరాల లెక్కన ఉంటుంది. 20 లీటర్లకు చిటికెడు వేసినా అది ఎన్ని రెట్లు ఎక్కువో మన చేతికి తెలియదు, ఫిల్టర్‌లోని మంచి బాక్టీరియా కూడా చచ్చిపోవచ్చు. మందు అడగడానికి ఫోన్ చేసేవాళ్లు చేప ఫోటోతో పాటు అమోనియా టెస్ట్ ట్యూబ్ ఫోటో, నీటి వేడి ఎంతో కూడా పంపండి. కిట్ లేకపోతే ఒక చిన్న సీసాలో ట్యాంకు నీళ్లు తీసుకుని షాపుకు రండి, అక్కడే చూసి చెప్తాను.