గంట ఆగిన రాత్రి: ఉమ్మడి సూపర్‌హీరో లోకం గురించి అపోహలు - వాస్తవాలు

మా ఆట పేరు ‘గంట ఆగిన రాత్రి’. ఒక్కొక్కరం ఒక్కో పాత్రగా మారి, ఆ పాత్ర ఏం చేసిందో చెబుతూ, రాస్తూ కలిసి కథ నడుపుతాం. ఆరేళ్ళుగా నడుస్తోంది. మొత్తం పదకొండు మందిమి. విజయనగరంలో ఆరుగురం, శ్రీకాకుళం జిల్లాలో నలుగురు. ఇంకొకడు ఉద్యోగానికని హైదరాబాద్ వెళ్ళిపోయాడు గానీ ఆటను మాత్రం వదల్లేదు. నెలకో ఆదివారం విజయనగరం కంటోన్మెంట్‌లో మా ఇంటి మేడ మీద కూర్చుని ఆడతాం. మిగతా రోజుల్లో వాట్సాప్‌లో రాసుకుంటాం. ఎవరి సూపర్‌హీరో వాళ్ళది, లోకం మాత్రం అందరిదీ. ఆ లోకంలో ఏం జరిగిందో రాసిపెట్టే పని నాది. దాన్ని మేం ‘పద్దు’ అంటాం. పద్దులో పడిందంటే జరిగినట్టే.

ఈ మధ్య పార్వతీపురం, టెక్కలి వైపు కుర్రాళ్ళు ఇలాంటి గ్రూపులు మొదలుపెట్టి, రెండు నెలలు తిరక్కుండానే మూసేసి, నాకు ఫోన్ చేస్తున్నారు. అందరూ చెప్పేవి దాదాపు అవే సంగతులు. అందుకే ఒకచోట రాస్తున్నాను.

అపోహ: ముందు లోకమంతా రాసుకోవాలి, ఆట తర్వాత.

ఈ తప్పు నేనే చేశాను. మా మొదటి ప్రయత్నానికి 62 పేజీల ఫైలు రాశాను. మ్యాపులు, రహస్య సంస్థలు, ముఖ్యమంత్రి గారికి శక్తులున్నవాళ్ళ మీద ఉండే అభిప్రాయాలు, అన్నీ అందులో ఉన్నాయి. చదివింది ఒక్కరు, అది కూడా నా మీద మొహమాటంతో. రెండు సెషన్లు ఆడి ఆపేశాం. లోకంలో ఖాళీ లేకపోతే ఆడేవాళ్ళకి పనేముంటుంది? నేను కట్టిన ఇంట్లో వాళ్ళు అద్దెకున్నట్టు కూర్చున్నారు.

రెండోసారి ఒకే ఒక్క మాటతో మొదలుపెట్టాం. ఒక రాత్రి గంటస్తంభం గడియారంతో సహా రెండు జిల్లాల్లో గడియారాలన్నీ 43 నిమిషాలు ఆగిపోయాయి. అప్పుడు చేతిలో ఏదుంటే దానికి సంబంధించిన శక్తి కొందరికి వచ్చింది. అంతే. తర్వాత ఒక్కొక్కరినీ అడిగాను, “ఆ రాత్రి నువ్వెక్కడున్నావు? నీ చేతిలో ఏముంది?” సాయంత్రం అయ్యేసరికి సగం లోకం తయారైపోయింది. అందులో నేను రాసింది ఏమీ లేదు.

ఇది మా తెలివేమీ కాదు. 1980ల్లో అమెరికాలో, ఆల్బకర్కీలో జార్జ్ ఆర్.ఆర్. మార్టిన్ అనే రచయిత, ఆయన స్నేహితులు ‘సూపర్‌వరల్డ్’ అనే ఆట తెగ ఆడేవారు. ఆ ఆటలోంచే 1987లో ‘వైల్డ్ కార్డ్స్’ అనే ఉమ్మడి కథల సంపుటాలు పుట్టాయి. వాటికి పునాది ఒకే సంఘటన: 1946లో న్యూయార్క్ మీద ఒక వైరస్ పడుతుంది. సోకినవాళ్ళలో నూటికి తొంభై మంది చనిపోతారు, తొమ్మిది మంది రూపం మారిపోతారు, ఒక్కరికి మాత్రం పనికొచ్చే శక్తి వస్తుంది. ఎంతమంది రచయితలు చేరినా ఆ లెక్క లోపలే రాయాలి. లోకాన్ని కట్టి ఉంచడానికి అలాంటి గట్టి లెక్క ఒక్కటి చాలు.

అపోహ: సూపర్‌హీరోలకి పెద్ద నగరం కావాలి. మన ఊళ్ళలో నవ్వొస్తుంది.

నవ్వెందుకొస్తుందో నాకర్థం కాదు. ఏనుగుని గుండెల మీద ఎక్కించుకున్న కోడి రామమూర్తి నాయుడు గారిది వీరఘట్టం. విజయనగరంలో వ్యాయామం నేర్పే మాస్టారుగా పనిచేసి, తర్వాత సర్కస్ పెట్టి దేశాలు తిరిగారు. ఆయన్ని మా ఆటలోకి తేలేదు, తేకూడదు కూడా. కానీ వందేళ్ళ కిందటే ఈ నేల మీద జనం టికెట్టు కొనుక్కుని మరీ బలవంతుణ్ణి చూశారు.

మా గ్రూపులో ఒకామెది పొందూరు. అక్కడ ఖద్దరుకి పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. గంట ఆగినప్పుడు ఆమె ముసలమ్మ పాత్ర చేతిలో ఉన్నది ఆ దవడే. ఇప్పుడు ఆ ముసలమ్మ దువ్వితే ఎలాంటి చిక్కైనా విడిపోతుంది, అది దారమైనా తాళమైనా. న్యూయార్క్ అనుకుని రాసుంటే ఈ ఆలోచన ఎవరికి తడుతుంది?

దేవుళ్ళ జోలికి మాత్రం వెళ్ళం. అరసవల్లిలో మార్చి, అక్టోబరు నెలల్లో సూర్యకిరణాలు స్వామి పాదాలని తాకుతాయి కాబట్టి ఒక హీరోకి అక్కడ శక్తి రావాలని ఒకరు అడిగారు. ఆలోచన బాగానే ఉంది. కానీ రేపు ఆ హీరో ఓడిపోతే ఆ మాట ఎక్కడిదాకా వెళ్తుందో తెలుసు కదా. వద్దనుకున్నాం.

అపోహ: పవర్ ఎంత పెద్దదైతే క్యారెక్టర్ అంత గొప్పది.

కొత్తవాళ్ళు అందరూ ఇక్కడే తప్పు చేస్తారు. ఇది కాస్త వివరంగా చెప్పాలి.

శ్రీకాకుళం అమ్మాయి ఒకత్తె తన పాత్ర గంట ఆగినప్పుడు నాగావళి రేవులో బట్టలు ఉతుకుతోందని చెప్పింది. శక్తి ఏమిటంటే, నీళ్ళు తాకితే ఆ నీళ్ళ పక్కన మాట్లాడిన మాటలన్నీ వినబడతాయి. పేరు ‘నీటిచెవి’. మొదట ఆమె అడిగింది అన్ని నీళ్ళూ. కుళాయి, గ్లాసు, వాన, ఆఖరికి మనిషి ఒంట్లో నెత్తురు కూడా. అలా ఇచ్చేస్తే మా ఆటలో ఇక రహస్యమన్నది ఉండదు.

కాదని నేను చెప్పలేదు. మిగతావాళ్ళు ఒక్కో ప్రశ్న అడిగారు. “నాగావళి ఒక్కటే అయితే?” సరేనంది. “ఏరు ఎక్కడ పుట్టింది?” ఒడిశాలో, కలహండి కొండల్లో. “అయితే అక్కడి మాటలు ఒడియాలో వస్తాయి, నీకు ఒడియా వచ్చా?” రాదు. పాలకొండ వైపు నుంచి వచ్చే కుర్రాడు ఇంకోటి అందుకున్నాడు. సంగం దగ్గర సువర్ణముఖి, వేగవతి వచ్చి నాగావళిలో కలుస్తాయి కదా, మూడు ఏర్ల మాటలూ కలిసిపోతే ఏది ఎక్కడిదో ఎలా తెలుస్తుంది? తెలియదని ఒప్పుకుంది. “మరి ఎండాకాలం?” ఆ ప్రశ్నకి చాలాసేపు ఆలోచించింది. ఏరు ఇసకలో సన్నటి పాయగా మిగిలిపోయే రోజుల్లో నీటిచెవికి దాదాపు చెవుడే. ఏప్రిల్ వస్తుందంటే ఇప్పుడు ఆ పాత్రకి భయం. విలన్లకి కూడా ఆ సంగతి తెలుసు.

ఆ హద్దులు నలుగురూ కలిసి పెట్టినవి. అందుకే నీటిచెవి అంటే అందరికీ తమ పిల్లలాగే ముద్దు. పాయింట్లతో పాత్రని కట్టుకునే ‘ఛాంపియన్స్’ ఆటలో 1981లోనే ఈ కిటుకు ఉంది: లోపం తీసుకుంటే, దానికి బదులు అదనంగా పాయింట్లు ఇస్తారు. మేం పాయింట్లు లెక్కపెట్టం గానీ సూత్రం అదే.

అపోహ: సూపర్‌హీరో ఆటంటే ఫైటింగే.

రెండో ఏడు మా ‘గడ్డరు’ (గంట ఆగినప్పుడు పట్టా పట్టుకుని ఉన్న రైల్వే గ్యాంగ్‌మన్) నాగావళి వంతెన గడ్డరు (ఇనుప దూలం) ఒకటి పీకి విలన్ మీదికి విసిరాడు. మేడంతా ఈలలు. కింద వాటావాళ్ళు పైకొచ్చి చూసి వెళ్ళారు.

తర్వాతి నెల కూర్చోగానే ఒకతను తాపీగా అడిగాడు. “అంతా బాగానే ఉంది గానీ, రేపొద్దున పాలోడు ఎలాగొస్తాడు?”

ఆ ప్రశ్న మీద మూడు నెలలు ఆడాం. పడవవాళ్ళు రేటు పెంచారు. నొప్పులొచ్చిన మనిషిని రాత్రిపూట ఏరు దాటించాల్సి వచ్చింది. టెండరు దక్కించుకున్న కాంట్రాక్టరుకి ఏ శక్తీ లేదు, అయినా మేం ఇంతవరకూ తయారుచేసిన విలన్లలో వాడే ఘటికుడు. గడ్డరు రాత్రిళ్ళు దొంగతనంగా వచ్చి రాళ్ళు మోసి వెళ్ళేవాడు. దెబ్బలాట పావుగంటలో అయిపోయింది. మిగతాదంతా దాని పర్యవసానమే. ఒకరు చేసిన పనికి ఇంకొకరి వీధిలో ఏదో ఒకటి మారకపోతే అది ఉమ్మడి లోకం కాదు, పదకొండు విడి కథలు.

అపోహ: నా సీన్ కాబట్టి నా ఇష్టం.

నీ పాత్ర ఏం చేసిందో నువ్వు రాయి. అవతలి పాత్రకి ఏమైందో అవతలివాళ్ళు రాయాలి. “కర్ర విసిరాను” అని రాయొచ్చు. “నీ చెయ్యి విరిగింది” అని రాయకూడదు. ఇంగ్లీషు గ్రూపుల్లో దీన్ని గాడ్‌మోడింగ్ అంటారు. మా దగ్గర “పక్కోడి కంచంలో చెయ్యి” అంటాం.

అపోహ: కథల్లో ఎక్కడా పొంతన తప్పకూడదు.

నేను విజయనగరంలో పెరిగాను. మా ఆయనది బొబ్బిలి. 1757 జనవరి 24న జరిగిన యుద్ధం గురించి నేను చిన్నప్పుడు విన్నదీ, ఆయన విన్నదీ ఒకటి కావు. కోట పడిందనీ, డేరాలో ఉన్న విజయరామరాజుని తాండ్ర పాపారాయుడు చంపాడనీ ఇద్దరం ఒప్పుకుంటాం. తప్పెవరిదనే దగ్గరకొచ్చేసరికి పెళ్ళై పదిహేనేళ్ళయినా రాజీ కుదరలేదు.

పద్దులో రెండు వరసలు పెట్టాలన్న ఆలోచన అక్కడి నుంచే వచ్చింది. ఒకటి ‘జరిగింది’, రెండోది ‘చెప్పుకునేది’. అందరి ముందూ ఆడినది మొదటి వరసలో పడుతుంది, దాన్ని మార్చం. పాత్రలు ఒకరికొకరు చెప్పుకునేవన్నీ రెండో దాంట్లో పడతాయి, అక్కడ ఎన్ని తేడాలున్నా ఫరవాలేదు. మా ఆటలో నెల్లిమర్ల దగ్గర ఒక గోడౌను కాలిపోయింది. ఎవరు అంటించారన్నదానికి ముగ్గురు మూడు రకాలుగా రాశారు. సరిచేద్దామని పెన్ను తీశాను, మళ్ళీ పెట్టేశాను. ఎనిమిది నెలల తర్వాత ఆ మూడు కథల మధ్యలోంచే మాకు మంచి కేసు దొరికింది. సూపర్‌మ్యాన్ బొమ్మల కథలు వేసే డీసీ కామిక్స్ కంపెనీ 1985-86లో తన కథల్లోని లోకాలన్నీ కలిపి ఒకటి చేసి చిక్కులు తీర్చాలనుకుంది. కొన్నేళ్ళకే మళ్ళీ ఆ పని మొదలుపెట్టాల్సి వచ్చింది. జీతాలిచ్చి ఎడిటర్లని పెట్టుకున్నవాళ్ళకే అలా ఉంటే, ఆదివారం ఆడుకునే మనకెందుకు అంత టెన్షన్?

అపోహ: కల్పితమే కదా, ఏం రాసినా ఎవరికీ నొప్పి తగలదు.

ఇది రాయాలంటే నాకిప్పటికీ సిగ్గే.

మొదటి ఏడాదిలో ఒక కుర్రాడు తన విలన్ చేత ఒక డైలాగు చెప్పించాడు, తిత్లీ తుపాను తెచ్చింది తానేనని. బాగా రాశాడు. నేను మెచ్చుకుని, ‘జరిగింది’ వరసలోకి ఎక్కించాను. ఆ రోజు నుంచి సోంపేట వైపు అమ్మాయి గ్రూపులో రాయడం మానేసింది. పరీక్షలనుకున్నాను. మూడు వారాలకి ఫోన్ చేశాను.

“అప్పా, ఆ తుపానుకి మా తోట మొత్తం పోనాది. మా నాన్న పడిపోయిన కొబ్బరిసెట్లు ఒక్కోటీ లెక్కెట్టుకుంటా ఏడిసినాడు. ఆ గాలిని తీసుకెళ్ళి మీ విలన్‌గాడికి ఇచ్చేసినారు. మరి మేమెవుల మీద కోపం పెట్టుకోవాల?”

నా దగ్గర సమాధానం లేదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది తిత్లీ. ఆ చుట్టుపక్కల ఉద్దానం ప్రాంతంలో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి. కొబ్బరి మొక్క మళ్ళీ నాటితే కాపుకి ఏళ్ళు పడుతుంది. మేం ఆట మొదలుపెట్టేనాటికి ఆ తోటల్లో మొక్కలు మోకాలెత్తు కూడా రాలేదు.

ఆ పేజీ కొట్టేశాను. ఎప్పటికీ మార్చకూడదని చెప్పుకున్న మొదటి వరసలో నేను కొట్టేసిన పేజీ అదొక్కటే. కుర్రాడు కూడా ఆమెకి ఫోన్ చేశాడు, ఏం మాట్లాడుకున్నారో నేను అడగలేదు. అప్పటి నుంచి నిజంగా జరిగిన విపత్తులకి మా లోకంలో వేరే కారణం ఉండదు, ఏ హీరో వాటిని ఆపలేడు. తర్వాత వెళ్ళి నీళ్ళ క్యాన్లు మోయొచ్చు.

ఇంకోటి కూడా పెట్టుకున్నాం. జాన్ స్టావ్రోపౌలోస్ అనే ఆయన తయారుచేసిన ‘ఎక్స్ కార్డు’ పద్ధతి ఉంది. బల్ల మధ్యలో ఎక్స్ రాసిన కార్డు ఉంటుంది. ఎవరైనా దాన్ని ముట్టుకుంటే ఆ సంగతి అక్కడితో ఆపి ముందుకెళ్ళిపోవాలి, ఎందుకని అడగకూడదు. మాకు వాట్సాప్‌లో “ఆపు” అన్న ఒక్క మాట చాలు. ఆరేళ్ళలో నాలుగుసార్లు వాడారు. ఆట ఎప్పుడూ పాడవలేదు.

అపోహ: అన్నిటికీ ఓటింగ్ పెడితే గొడవలుండవు.

ఉంటాయి, పైగా ముఠాలు తయారవుతాయి. ఎవరి పాత్ర మీద దెబ్బ పడుతుందో వాళ్ళు ఒప్పుకుంటే చాలు. తేలకపోతే పద్దు రాసేవాళ్ళ మాట చెల్లుతుంది. అందుకే పద్దు రాసేవాళ్ళకి సొంత హీరో ఉండకూడదు. నాకు లేదు.

ఎవరైనా మానేసి వెళ్ళిపోతే వాళ్ళ పాత్ర వాళ్ళతోనే వెళ్తుంది. ఆ పాత్ర చేసిన పనులు మాత్రం పద్దులో ఉంటాయి. ఇది మొదటిరోజే చెప్పేయండి. తర్వాత చెబితే ఆస్తి పంపకాల గొడవలా ఉంటుంది.

అపోహ: ఇన్నాళ్ళు నడిచాక కొత్తవాళ్ళు ఇమడలేరు.

ఇమడలేరు నిజమే, పద్దు మొత్తం చదివి రమ్మంటే. మేం ఒక పేజీ మాత్రమే ఇస్తాం. మొదటి మూడు నెలలు శక్తి కూడా ఇవ్వం. ఏ పవరూ లేని మామూలు మనిషిని ఒకణ్ణి తెచ్చుకోమంటాం.

పోయిన ఏడాది చేరిన ఆమదాలవలస కుర్రాడికి ఇది నచ్చలేదు. మొహం మాడ్చుకుని, విరిగిన వంతెన చివర టీకొట్టు పెట్టుకున్న మనిషిని రాశాడు. పడవ కోసం ఆగినవాళ్ళందరూ అక్కడే కూర్చుంటారు కాబట్టి, నెల తిరక్కుండా అందరి కథలూ ఆ బెంచీ మీదికే చేరాయి. మూడు నెలలయ్యాక “ఇప్పుడు పవర్ తీసుకుంటావా?” అని అడిగితే వద్దన్నాడు. వాడి కొట్లో ఖాతా పుస్తకం ఒకటుంది, నా పద్దు కంటే శుభ్రంగా రాస్తాడు. గడ్డరు ఇప్పటికి నూట నలభై రూపాయలు బాకీ.