వేన్నీళ్ల ట్యాంకు ఉంటే ఇంజిన్ ఎప్పుడు నడవాలి?

డెన్మార్క్‌లో దాదాపు మూడింట రెండు వంతుల ఇళ్లకు వెచ్చదనం వీధి కింద పైపుల్లో వచ్చే వేన్నీళ్లదే. చిన్న ఊళ్లలో చాలాచోట్ల ఆ నీళ్లను కాచడానికి గ్యాస్ ఇంజిన్లు పెట్టారు. వాటితో చిక్కేమిటంటే కరెంటూ వేడీ జంటగానే పుడతాయి. తెల్లవారుజామున ఊరు చలికి వణుకుతుంటుంది. అదే వేళ గాలిమరలు జోరుగా తిరుగుతుంటే కరెంటుకు ధరే ఉండదు. ట్యాంకు లేని ప్లాంటు అప్పుడూ నడవక తప్పదు, లేదా వేడి మాత్రమే ఇచ్చే ఉత్త బాయిలర్ వెలిగించుకోవాలి.

ట్యాంకు ఈ ముడి విప్పుతుంది. ధర బాగున్నప్పుడు ఇంజిన్ పూర్తి లోడుపై నడుస్తుంది, మిగులు వేడి ట్యాంకులో చేరుతుంది. ధర పడిపోతే ఇంజిన్ ఆపేస్తారు, ఊరికి ట్యాంకు నుంచే నీళ్లు వెళ్తాయి. మాటిమాటికీ ఆపి స్టార్ట్ చేసే అరుగుదలా తగ్గుతుంది.

కోపెన్‌హేగన్ దగ్గరి అవెడోర్ ప్లాంటులో ఒక్కొక్కటి 22,000 ఘనపు మీటర్ల ట్యాంకులు రెండున్నాయి. ఇలాంటి చోట్ల ఉండే పెద్ద ఆవిరి టర్బైన్లలో లాభం ఇంకో రకం. వేడి కోసం మధ్యలో లాగే ఆవిరిని కాసేపు ఆపి, చివరిదాకా టర్బైన్‌లోనే తిప్పితే కరెంటు పెరుగుతుంది. ఆ కాసేపు ఊరి భారం ట్యాంకుది.

ఎంత వేడి పడుతుంది? 90 డిగ్రీల నీళ్లు ఊరికి వెళ్లి 45 డిగ్రీలతో తిరిగొస్తే, ఘనపు మీటరుకు సుమారు 50 యూనిట్లు (కిలోవాట్ గంటలు). 5,000 ఘనపు మీటర్ల ట్యాంకులో 250 మెగావాట్ గంటలు. 20 మెగావాట్లు వాడే ఊరికి పన్నెండున్నర గంటలు. తిరిగొచ్చే నీళ్లు 60 డిగ్రీలుంటే అదే ట్యాంకులో మూడో వంతు పోయినట్టే. అందుకే ట్యాంకు పెంచే ముందు ఇళ్లలో సరిగా మూసుకోక నీళ్లను చల్లారకుండానే తిప్పి పంపే వాల్వులను వెతకడం చవక.

ఇంట్లో గీజర్‌లాగే ఇక్కడా వేడినీళ్లు పైన, చల్లనివి కింద. మధ్యలో అడ్డుగోడ ఉండదు, సాంద్రత తేడాయే గోడ. నీళ్లు జోరుగా దూకితే అది చెదిరి మొత్తం గోరువెచ్చనవుతుంది. వేడి ఎక్కడికీ పోదు, కానీ ఆ నీళ్లు రేడియేటర్లకు చాలవు, ఇంజిన్‌ను చల్లబరచడానికీ పనికిరావు. అందుకే పైనా కిందా వెడల్పాటి పళ్లేల్లాంటి డిఫ్యూజర్లతో నీటి వేగం బాగా తగ్గిస్తారు. గోడ పొడవునా ఉష్ణోగ్రత సెన్సర్లు పెడతారు. వేడి పొర అడుగుకు చేరేలోపు నింపడం ఆపకపోతే, వేడినీళ్లే ఇంజిన్‌కు తిరిగి చేరి, అది చల్లబడక ట్రిప్ అవుతుంది, అంటే దానంతటదే ఆగిపోతుంది.