రాత్రి పట్టి పెట్టిన నీళ్ళు

పిల్లలూ,

పోయిన ఆదివారం సండే స్కూలు అయ్యాక మీలో ఒకమ్మాయి వచ్చి, "తాతయ్యా, మనసులో ఒక మాట వస్తే అది దేవుడిదో సాతానుదో ఎలా తెలుస్తుంది?" అని అడిగింది. పరీక్షలో స్నేహితురాలు చూసి రాస్తుంటే, టీచరుకు చెప్పమని దేవుడే అన్నాడనుకుని చెప్పేసిందట, అప్పట్నుంచీ అన్నం సయించడం లేదట. నేనేమో "ప్రార్థన చేసుకో తల్లీ" అని తప్పించుకున్నాను. జవాబు తెలియనప్పుడు పెద్దవాళ్ళం అలాగే అంటాం, మీరు గమనించే ఉంటారు.

చెన్నై పెరంబూరులో మా ఇంట్లో బోరు నీళ్ళు. కుళాయి తిప్పితే అద్దంలా వస్తాయి, కొన్న క్యాన్ నీళ్ళ పక్కన పెడితే ఏవి ఏవో చెప్పలేరు. అవే బకెట్లో పట్టి రాత్రంతా వదిలేస్తే తెల్లారేసరికి పసుపు రంగుకి తిరిగి, అడుగున ఎర్రటి మడ్డి. నీళ్ళలో కరిగి ఉన్న ఇనుము గాలి తగిలి తుప్పవుతుంది మరి. ఆ నీళ్ళలో పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు, తెల్ల చొక్కా ఏడాది తిరక్కుండా గోధుమరంగుకి వస్తుంది, మీ నాయనమ్మ గొడవ సరేసరి. ఆలోచనలూ అంతే, వచ్చేటప్పుడు అన్నీ తేటగానే వస్తాయి. సాతాను వెలుగుదూత వేషం వేస్తాడని పౌలు కొరింథు వాళ్ళకి ఊరికే రాయలేదు. యేసుని శోధించినప్పుడు వాడు ఎత్తుకున్నది బైబిల్లోని 91వ కీర్తన మాటల్నే కదా!

నాకు పదేళ్ళప్పుడు, కావలి దగ్గర మా ఊళ్ళో, అవ్వ కానుకకని పావలా ఇచ్చింది. దారిలో పీచుమిఠాయి బండి. చిన్నపిల్లల్ని నా దగ్గరికి రానివ్వండి అన్న ప్రభువు ఒక్క పావలాకి కోప్పడతాడా అని మనసులో మాట వచ్చింది, చూశారా, వాక్యంతో సహా వచ్చింది. తినేశాను. గుళ్ళో కానుక సంచి వచ్చినప్పుడు ఉత్త గుప్పిట లోపలికి పెట్టి తీశాను, వేళ్ళు గులాబీ రంగులో జిగటగా సంచికి అంటుకున్నాయి.

ఆ రాత్రి లోపల రెండు గొంతులు, రెండూ తిట్టేవే. ఒకటి, "నువ్వు దొంగవి, ఇక గుడి మెట్లెక్కకు" అంటూ నన్ను మంచం కిందికి తోస్తోంది. ఇంకోటి, "లేచి అవ్వతో చెప్పు" అంటోంది, అంతే. చాలాసేపటికి వెళ్ళి చెప్పాను. "గుళ్ళోనే చూశాన్రా నీ వేళ్ళు, ఎప్పుడొస్తావా అని మేలుకునే ఉన్నా" అంది అవ్వ.

నుంగంబాక్కంలో లయోలా కాలేజీ చూశారుగా, ఆ పేరు స్పెయిన్ దేశపు కేథలిక్ పరిశుద్ధుడు ఇగ్నేషియస్ లయోలాది. మనది ఆయన సంఘం కాకపోయినా ఈ ఒక్క విషయంలో ఆయన దగ్గర కూర్చోవచ్చు. 1521లో యుద్ధంలో ఫిరంగి గుండు తగిలి కాలు విరిగి నెలల తరబడి మంచంలో ఉన్నాడు. వీరుణ్ణవ్వాలని కలలు కన్నంతసేపూ హుషారు, తర్వాత మనసంతా ఎండిపోయేది. పరిశుద్ధుల్లా బతకాలనుకున్న రోజు మాత్రం ఆ సంతోషం తర్వాత కూడా నిలిచేది. ఆయన కూడా బకెట్టే చూసుకున్నాడన్నమాట, పాపం మంచంలో పడుకుని.

ఇప్పుడు నీ సంగతమ్మా. చెప్పడం తప్పని నేననను. అయితే, ఆ పిల్లని టీచరు నిలబెట్టినప్పుడు నీకు లోపల కాస్త బాగనిపించిందా? అయితే అదీ మడ్డి. ఇప్పుడు వెళ్ళి ఆ పిల్ల పక్కన కూర్చోవాలనిపిస్తోందా? ఆ మాటని మాత్రం ఆపకు. నా నీళ్ళ పోలిక ఇక్కడ అతకదు, ఎందుకంటే ఒకే గుండెలో రెండు నీళ్ళూ ఎలా ఊరతాయో నాకు డెబ్బయ్యేళ్ళొచ్చినా ఆశ్చర్యమే. నువ్వు నన్నడిగింది సమాధానం. మన తెలుగు బైబిల్లో మనసు కుదుటపడటానికీ అదే మాట, గలతీ పత్రికలో ఆత్మ ఫలాల్లో మూడోది.

ఈ రాత్రి పడుకునే ముందు తెల్ల మగ్గులో బోరు నీళ్ళు పట్టి కిటికీలో పెట్టండి. ఆ రోజు మనసులోకి వచ్చిన మాట ఒకటి గుర్తు తెచ్చుకుని దాన్నీ పక్కనే పెట్టండి. పొద్దున అమ్మ పారబోయకముందే లేచి రెండూ చూడండి. మెట్రో వాటర్ బోర్డు కుళాయి నీళ్ళు వచ్చే ఇళ్ళవాళ్ళు మా ఇంటికి రండి, మా బోరు ఎవర్నీ నిరాశపరచదు.

మీ తాతయ్య
పెరంబూరు